చిత్తజల్లు పుల్లయ్య: రంగస్థల పద్యమునుండి వెండితెర పద్యమునకు

తెలుగు నాటక చరిత్రను బోధించు మనము ఆధునిక నాటక ప్రకరణమును సాధారణముగా ఇరువదవ శతాబ్ది నాలుగవ దశకము కడ ముగించుచుందుము. టాకీ వచ్చెను, నాటక సమాజములు చెదరెను, పద్యనాటకము క్షీణించెను అని మూడు వాక్యములలో ఒక యుగమునకు తెరదించుట మనకు పరిపాటి యైనది. ఈ మాటలలో సత్యము లేకపోలేదు. కాని ఆ పద్యములను పాడిన నటులు, వానిని వ్రాసిన కవులు, తెల్లవార్లు మేలుకొని వానిని విన్న ప్రేక్షకులు తెర దిగిన మరునాడు ఏమైరి అను ప్రశ్నను మనము వేసికొనుట లేదు. వారిలో పెక్కురు చలనచిత్రమునకు పోయిరి. వారిని అచ్చటికి చేయిపట్టి నడిపించినవారిలో ముందుగా పేర్కొనదగినవారు చిత్తజల్లు పుల్లయ్యగారు (1898-1967). మూకచిత్రముల నాటినుండి వర్ణచిత్రముల వరకు సాగిన నాలుగు దశాబ్దుల కృషిలో వారు ఇరువదికి పైబడిన చిత్రములకు దర్శకత్వము వహించిరి.

వారిని గూర్చి రెండు విధములైన మాటలు వినవచ్చును. సినిమా వారు ఆయనను పితామహులలో నొకనిగా కీర్తించి, దండవేసి, ముందుకు సాగిపోవుదురు. విమర్శకులు నాటకమునకు ఛాయాచిత్రము తీసిన మనిషిగా ఆయనను ప్రక్కన పెట్టుదురు. రెండింటను పరిశీలన లేదు. ఆయన చిత్రములలో పద్యమేమైనది, కథ ఏ మూలములనుండి వచ్చినది, స్టూడియోయను వ్యవస్థలో దర్శకునిదని చెప్పదగిన పాలు ఎంత అనునవి సాహిత్య విద్యార్థి చూడవలసిన విషయములు. ఈ వ్యాసము వానికి పరిమితము.

పుల్లయ్యగారు కాకినాడవారు. తెలుగు చలనచిత్రమునకు మద్రాసులో రఘుపతి వెంకయ్యగారు పునాది వేయుచున్న దినములలోనే వారికి ఈ విద్యతో పరిచయము కలిగెను. కాకినాడలో మార్కండేయుని కథను మూకచిత్రముగా తీసిరి. మూకచిత్ర దశనుగూర్చి ఇంతకు మించి ఇచ్చట విస్తరింపను. ఒక్క సంగతి మాత్రము గుర్తుంచుకొనదగినది: మాట లేని చిత్రమును తీసి చూచిన మనిషికి మాట విలువ తెలిసియుండును. తొలి తెలుగు టాకీ యగు భక్తప్రహ్లాద విడుదల తేదీ 1931 సెప్టెంబరు 15 అని చిరకాలము చెప్పుచు వచ్చిరి. అది 1932 ఫిబ్రవరి 6 అని ఇటీవలి పరిశోధన నిర్ధారించినది. పరిశోధక విద్యార్థులు పాత గ్రంథముల తేదీలను అట్లే ఎత్తివ్రాయుట ఇకనైనను మానవలెను. ఆ తరువాతి సంవత్సరము, 1933లో, పుల్లయ్యగారి సతీసావిత్రి వెలువడెను.

ఆ కాలమున మన ప్రాంతమున టాకీ స్టూడియో లేదు. తెలుగు చిత్రము తీయవలెనన్న బొంబాయికో కలకత్తాకో పోవలెను. కలకత్తాలో 1932లో స్థాపితమైన ఈస్టిండియా ఫిల్ము కంపెనీ వివిధ భాషలలో చిత్రములు తీయుచుండెను. దేవకీ బోసు తీసి 1934లో వెనిస్ ఉత్సవమున ప్రదర్శితమైన హిందీ సీత ఆ సంస్థ చిత్రమే. తెలుగు నాటక సమాజముల నటులు రైలెక్కి పోయి, తమ భాష వినబడని మహానగరములో నెలల తరబడి కలిసి బ్రదికి, బెంగాలీ పనివాండ్ర నడుమ తెలుగు పద్యములు పాడివచ్చిరి. దర్శకుడు అచ్చట దర్శకుడు మాత్రమే కాడు. సమాజ నిర్వాహకుడు, దుబాసి, ఇంటి పెద్ద కూడను. తరువాతి కాలమున తెలుగు ప్రజలను ఇంతగా నవ్వించిన రేలంగి వెంకట్రామయ్యగారు ఆ రోజులలో పుల్లయ్యగారి కడ చిత్రనిర్మాణపు పనులన్నిటను చేదోడుగా నుండి, దొరికిన చిన్నపాత్రలు వేయుచు పదేండ్లకు పైగా గడిపిరి. స్టూడియోల కాలపు శిక్షణ స్వరూపము ఇది. పాఠశాల లేదు, పాఠ్యక్రమము లేదు. పెద్దవాని వెంట తిరుగుటే చదువు.

సతీసావిత్రిలో వేమూరి గగ్గయ్యగారు యముడు. దాసరి రామతిలకముగారు సావిత్రి. ఇరువురును రంగస్థలముపై పేరుమోసినవారు. ఇచ్చట ఒక సాంకేతిక విషయమును వివరించినగాని పద్యము సంగతి తెలియదు. రంగస్థలముపై పద్యము పాడు నటుడు వేయిమంది వినవలెనని పాడును. వెనుక వరుసవానికి వినబడుటకు గొంతెత్తవలెను. గొంతెత్తిన రాగము సాగును. రాగము సాగిన కొలది 'వన్స్ మోర్' వచ్చును. పద్యము మరల మొదటికి వచ్చును. మైక్రోఫోను ఈ సంబంధమును ఒక్కపెట్టున త్రుంచివేసెను. అది మోచేతి దూరమున కూర్చున్న శ్రోత వంటిది. వన్స్ మోర్ అనదు, ఈలవేయదు, గొంతెత్తినచో సహింపదు. పైగా పాటను ముందుగా పాడి నిలువచేసికొని, తరువాత పెదవులు కదపు పద్ధతి ఆనాటికి తెలుగు చిత్రమునకు రాలేదు. నటుడు కెమెరా ముందు నిలిచి అప్పటికప్పుడు పాడవలెను. వాద్యకారులు కెమెరా కంటబడకుండ ప్రక్కగా కూర్చుండి వాయింపవలెను. నటుడు రెండడుగులు ఇటునటు జరిగినచో గొంతు పలుచబడును. కనుక పద్యము పాడు పాత్ర నిలుచున్నచోటనే నిలుచుటయు, కెమెరా ఆ పాత్రను ఎదుటనుండి రెప్పవేయక చూచుటయు అనివార్యమయ్యెను. నాటకమును ఫొటో తీసిరి అను నిందకు మూలము ఇదే. నింద వేయువారు యంత్రము విధించిన నియమమును దర్శకుని ఊహాదారిద్ర్యముగా లెక్కించుచున్నారు.

యంత్రనియమము తొలగిన పిమ్మట ఆయన ఏమి చేసిరి అనునది అసలు పరీక్ష. ఆ పరీక్షకు ఒకే కథను ఒకే దర్శకుడు ఇరువది తొమ్మిదేండ్ల అంతరముతో రెండుమార్లు తీసిన లవకుశ మనకు సిద్ధముగా నున్నది. సాహిత్య పరిశోధకునకు ఇంతకంటె మంచి సామగ్రి దొరకుట అరుదు.

మొదటి లవకుశ 1934లో వచ్చినది. పారుపల్లి సుబ్బారావుగారు రాముడు. శ్రీరంజని (సీనియర్) సీత. మాటలు వ్రాసినవారు సత్యహరిశ్చంద్రీయ కర్త బలిజేపల్లి లక్ష్మీకాంతకవిగారు. పల్లెలనుండి జనము బండ్లు కట్టుకొని పట్టణములకు వచ్చి ఆ చిత్రమును చూచిరని పెద్దలు చెప్పుకొనుట తెలుగువారెల్లరు ఎరుగుదురు. సినిమా పట్టణపు వినోదముగా నున్న దశ ముగిసి, పల్లెవాని యాత్రగా మారుట ఆ చిత్రముతో ప్రారంభమైనదని నా అభిప్రాయము. తిరునాళ్లకు పోయినట్లు కుటుంబముతో పోయిరి. పుణ్యకథ కావుట యొక కారణము. పిల్లలు ప్రధాన పాత్రలగుట వేరొక కారణము.

పిల్లలచేత నటింపజేయుటలో పుల్లయ్యగారికి గల నేర్పు విడిగా చెప్పదగినది. 1936లో అనసూయ, ధ్రువవిజయము అను రెండు చిత్రములను బాలనటులతోనే నడిపి, రెండింటిని జంటగా ఒకే ప్రదర్శనమున చూపిరి. తరువాత నటిగా, నిర్మాతగా, స్టూడియో అధినేత్రిగా ఖ్యాతిగాంచి 2025లో దివంగతురాలైన సి. కృష్ణవేణిగారు తెరపై మొదట కనబడినది ఈ అనసూయలోనే. పెద్దవారి వేషములను పిల్లలకు వేయుట నేడు వింతగా తోచవచ్చును. కాని రంగస్థలపు అలవాట్లు గొంతులో గట్టిపడని నటులు మైక్రోఫోనునకు సులభముగా లొంగుదురు. ఆ సంగతి ఆయన గ్రహించిరని నా ఊహ.

1939లో వచ్చిన వరవిక్రయము మన శాఖల దృష్టిలో ఆయన చిత్రములన్నిటిలోను ముఖ్యమైనది. కాళ్లకూరి నారాయణరావుగారి నాటకము పాఠ్యగ్రంథముగా మనకు సుపరిచితము. పురాణమునుండి సమకాలపు ఇంటిలోనికి వచ్చినను పద్యమును విడువని నాటకమది. కట్నమునకు అమ్ముడుపోవు వరుని కథలో పాత్రలు పద్యములు చదువుట రంగస్థలముపై ఎవరికిని ఎబ్బెట్టుగా లేదు. తెరపై మాత్రము కుర్చీ, బల్ల, గోడగడియారము వాస్తవముగా కనబడుచుండగా పద్యమెట్లు పొసగును? బలిజేపల్లివారు ఈ చిత్రమునకు రచనా భారమును వహించుటయేకాక పురుషోత్తమరావు వేషము కూడ వేసిరి. కాళింది పాత్రకు పదునాలుగేండ్ల భానుమతిని, కమల పాత్రకు పుష్పవల్లిని ఎన్నుకొనిరి. భానుమతికి ఇది తొలి చిత్రము. సంగీతము నేర్చిన పిల్ల, నాటకము నేర్వని పిల్ల. కాళింది బావిలో పడి ప్రాణత్యాగము చేయు ఘట్టమునకు రంగస్థల నటి గొంతు తోడైనచో అది సభారంజకమగును. నేర్వని పిల్ల గొంతు తోడైనచో ఇంటిలో జరిగిన చావగును. ఈ ఎన్నికయే దర్శకత్వము. కెమెరాను కదిలించుట ఒక్కటే దర్శకత్వమని భావించువారికి ఇది కనబడదు.

మరుసటి సంవత్సరము భవభూతి మాలతీమాధవమును భానుమతితోనే తీసిరి. ప్రకరణమును తెరకెక్కించు సాహసమే అది. వరవిక్రయమునకు వచ్చిన ఆదరము దానికి రాలేదు. ఇందువలన ఆయన మూలముల పరిధి ఎంతటిదో మాత్రము తెలియును: సమాజముల పౌరాణిక నాటకము, సంస్కరణ నాటకము, సంస్కృత ప్రకరణము, ఆ తరువాత జానపద కథ.

జానపద కథ బాలనాగమ్మ. దానిని నిర్మించినది మద్రాసులో అప్పుడే నెలకొన్న జెమినీ స్టూడియో, అధిపతి ఎస్.ఎస్. వాసన్. 1942లో విడుదలైనది. బాలనాగమ్మగా కాంచనమాల, మాయలమరాఠిగా గోవిందరాజుల సుబ్బారావు, సంగుగా పుష్పవల్లి, కార్యవర్ధిరాజుగా బందా కనకలింగేశ్వరరావు నటించిరి. మాటలు మరల బలిజేపల్లివారివే. జంగములు, బుర్రకథకులు పాడినది, సురభివారు ప్రదర్శించినది అయిన ఈ కథ ప్రేక్షకులకు పదము పదము తెలిసినదే. అదే సమయమున మరియొక సంస్థ శాంత బాలనాగమ్మ అను పోటీ చిత్రమును తీసెను. కథ ఒకటే యైనపుడు ప్రజలు దేనిని చూచిరి? మాయను చూచిరి. అద్దపుటెత్తులు, సెట్టులు, వేషములు, ప్రచారము స్టూడియో బలము. జెమినీ వంటి సంస్థలో రచనకు, సంగీతమునకు, కళకు వేరువేరు విభాగములు. అన్నిటికి పైన అధిపతి రుచి. వాసన్ పేరు ముందు ఏ దర్శకుని పేరైనను చిన్నదిగా కనబడును. కలకత్తాలో ఇంటి పెద్దగా నుండిన పుల్లయ్యగారు ఇచ్చట ఉద్యోగివంటివారైరి. అయినను గోవిందరాజులవారి మరాఠి నటనలోని బిగువు, సంగు నటనలోని కొంటెతనము విభాగములు తయారుచేసినవి కావు. అవి నాటకమెరిగిన మనిషి నటులచేత రాబట్టినవి. చాలకాలము తరువాత అదే జెమినీకి ఆయన అపూర్వ సహోదరులు (1950) తీసిరి. డ్యూమా నవలను తమిళమున చూచి తెలుగున తీసినదది. అందు స్టూడియో తప్ప దర్శకుడు కనబడడు. నేను ఆ చిత్రమును ఆయన లెక్కలో వేయుటకు కూడ సంకోచింతును.

నడుమ వచ్చినవానిలో గొల్లభామ (1947) అంజలీదేవిని తెలుగువారికి నిలువెత్తున చూపినది. వింధ్యరాణి (1948) పింగళి నాగేంద్రరావుగారి నాటకము. సంక్రాంతి (1952) నాకు పొడిగా తోచినది. పక్కింటి అమ్మాయి (1953) బెంగాలీ హాస్యచిత్రమునకు తెలుగు. రేలంగిని నాయకునిగా నిలిపి, గాయకుడు ఏ.ఎం. రాజాచేత నటింపజేసిన ఈ చిత్రములో పాడలేనివాడు ప్రక్కవాని పాటకు పెదవులు కదపుటయే హాస్యము. సతీసావిత్రిలో నటులచేత నిజముగా పాడించిన దర్శకుడే ఇరువదేండ్లకు నేపథ్యగానముపై వేళాకోళము చేసెనన్న మాట. కథ ఆయన కల్పించినది కాకపోయినను ఎన్నుకొన్నది ఆయనయే.

దేవాంతకుడు (1960) కూడ బెంగాలీ మూలముదే. బ్రదికియుండగానే యమలోకమునకు చేరిన యువకుడు అచ్చటి పాలనను తలక్రిందులు చేయు కథ. ఎన్.టి. రామారావు నాయకుడు, ఎస్.వి. రంగారావు యముడు. గగ్గయ్యగారి యముని ఎదుట జనము వణకిన చిత్రమును తీసినవారే రంగారావుగారి యముని చూచి జనము నవ్వు చిత్రమును తీసిరి. దేవతలను నమ్ము ప్రేక్షకుడే వారిని చూచి నవ్వగలడు. నమ్మనివానికి నవ్వు రాదు. తరువాత తెలుగు తెరకు యమలోక హాస్యము ఒక శాఖగా స్థిరపడినది. 1977 నాటి యమగోల ఆ దారిలోనిదే.

ఇక రెండవ లవకుశ. 1963 మార్చి 29న విడుదలైన ఈ చిత్రము తెలుగున తొలి సంపూర్ణ వర్ణచిత్రము. నిర్మాత ఎ. శంకరరెడ్డిగారు. 1958లో ఆరంభమై, ధనాభావముచేత నిలిచి, మరల సాగి, అయిదేండ్లకు ముగిసెను. పిల్లలు ప్రధాన పాత్రలుగా గల చిత్రమునకు ఇట్టి అంతరాయము ఎంతటి ప్రమాదమో చెప్పనక్కరలేదు. పెద్దలు వేచియుండగలరు, పిల్లలు ఎదుగుచుందురు. నడుమ పుల్లయ్యగారి ఆరోగ్యము సన్నగిల్లగా వారి కుమారుడు సి.ఎస్. రావుగారు చిత్రమును పూర్తిచేసిరి. దర్శకులుగా తండ్రీకొడుకుల పేర్లు రెండును కలవు.

కథామూలములను చూతము. వాల్మీకి ఉత్తరకాండలో కుశలవులు తండ్రితో యుద్ధము చేయరు. అశ్వమేధ సమయమున రామాయణమును గానము చేయుదురు. భవభూతి ఉత్తరరామచరితములో లవునకు చంద్రకేతునితో పోరు కలదు. తండ్రీకొడుకుల సమరము జైమిని భారతమునందును పద్మపురాణమునందును గల సంప్రదాయము. జైమిని భారతమును పిల్లలమఱ్ఱి పినవీరభద్రుడు తెనిగించియున్నాడు. చాకలి సైతము వాల్మీకమున లేడు. అచ్చట భద్రుడు పౌరుల మాటను రామునకు నివేదించును. చాకలి పద్మపురాణపు పాత్ర. చిత్రమున ఈ పాయలన్నియు కలిసినవి: పిల్లల గానమును కలదు, గుర్రమును కట్టుటయు కలదు, యుద్ధమును కలదు, చాకలియు కలడు. ఇది సినిమావారి స్వేచ్ఛ కాదు. జనశ్రుతిలో ఎప్పుడో కలిసిపోయిన కథనే వారు స్వీకరించిరి.

చాకలి దంపతులుగా రేలంగి, గిరిజ నటించిరి. వారి తగవు హాస్యముగా మొదలై, ఆ హాస్యములోని ఒక్క మాట సీతను అడవికి పంపును. సీతా పరిత్యాగమునకు అంచుననే నవ్వును నిలుపుట సాహసము. యక్షగానములో సింగి, సింగడు చేయు పని మనకు తెలిసినదే. తగ్గుస్థాయి జంట గొడవ పై స్థాయి కథను ప్రతిబింబించి, చూచువానికి ఊపిరినిచ్చును. అట్టి జంటనే ఇచ్చట కథకు విఘాతము తెచ్చు జంటగా నిలిపిరి. నవ్విన ప్రేక్షకునకు తానును ఆ మాటలో పాలు పంచుకొన్నట్లు తోచును. ఈ చిత్రమున నాకు అన్నిటికంటె గాఢముగా తోచిన కల్పన ఇదే.

రచన వెంపటి సదాశివబ్రహ్మముగారిది, సంగీతము ఘంటసాల. పద్యములలో కొన్ని పదునెనిమిదవ శతాబ్దికి చెందిన కంకంటి పాపరాజు ఉత్తరరామాయణములోనివి. తరగతిలో పాపరాజును చదివినవారి సంఖ్యను, ఊరి చివర డేరాహాలులో, పెండ్లి పందిళ్లలో, రేడియోలో కవి పేరు తెలియకనే ఆయన పద్యమును విన్నవారి సంఖ్యతో పోల్చుటకు మన మనస్సొప్పదు. అయినను అది వాస్తవము. పద్యగానములో వచ్చిన మార్పు మరింత ముఖ్యము. 1934లో పారుపల్లివారు తామే పాడిరి. 1963లో గొంతు ఘంటసాలది, మొగము రామారావుది. యంత్రనియమము తొలగినది, రాగమును ఎంతైనను సాగదీయవచ్చును, పాడుచున్న పాత్రను ఎటైనను నడిపింపవచ్చును. ఘంటసాల రాగమును కుదించి, పదచ్ఛేదమును స్పష్టపరచి, పద్యమును అర్థము వినబడునట్లు పాడిరి. మైక్రోఫోను 1933లో బలవంతముగా నేర్పిన మితమును ఈయన సౌందర్యముగా మలచిరి. దర్శకుడు కెమెరాను మునుపటివలెనే నిలిపివేసెను. పద్యము పూర్తియగువరకు దృశ్యమును త్రుంచుటకు మనసొప్పనట్లు మొగముపై నిలుచును. ఇది అశక్తత కాదని ఇప్పుడు చెప్పవచ్చును. వృత్తమునకు నాలుగు పాదములు. మూడవ పాదమున కెమెరా వేరొకవైపు చూచినచో నాలుగవ పాదము వినబడదు. ఆయనకు ఈ సంగతి కాకినాడ నాటక ప్రేక్షకుల మధ్య తెలిసినదే.

మరి ఈ చిత్రమున తండ్రి ఎంత, కొడుకు ఎంత? ఏ దృశ్యము ఎవరిదని చీల్చిచూపు ప్రయత్నము సినిమా వ్యాసములలో తరచుగా కనబడును. శాంతినివాసము (1960) వంటి చిత్రములతో అప్పటికే సమర్థుడైన దర్శకుడు రావుగారు. ఆయన తీరు వేగముగలది, సమకాలపుది. తన చిత్రములలో ఆయన కెమెరా ఇంత ఓపికగా నిలువదు. లవకుశలో మాత్రము నిలిచినది. ఎఱ్ఱన అరణ్యపర్వ శేషమును రచించునపుడు నన్నయ పేరనే, రాజరాజునకే అంకితముగా రచించెను. ఆరంభమున నన్నయ శైలిని పట్టుకొని క్రమముగా తిక్కన దిక్కునకు నడిచెనని మనము విద్యార్థులకు చెప్పుదుము. అతుకును వెదకుట మనకు అలవాటు. లవకుశలో అతుకు కనబడదు. కనబడకుండ చేసిన పని కొడుకుదే.

ఆ తరువాత పుల్లయ్యగారు పరమానందయ్య శిష్యుల కథ (1966), భువనసుందరి కథ (1967) తీసిరి. రెండవది వెలువడిన సంవత్సరమే వారు స్వర్గస్థులైరి. ఆయన తొలి చిత్రముల విషయమున పరిశోధకునకు నేడు ప్రధానాధారము సినిమాహాళ్లలో అమ్మిన పాటల పుస్తకములు. ఆనాటి ఫిల్ము నిప్పంటుకొను గుణము గలది. పూనాలో జాతీయ చలనచిత్ర భాండాగారము ఏర్పడుటయే 1964లో. అప్పటికే తొలి టాకీలు ఎన్నియో నశించినవి. పాటల పుస్తకములో పద్యములు పూర్తిగా నుండును, కథ మాత్రము సగముండును. మిగిలినది వెండితెరపై చూడుడని ముగింతురు. 1934, 1963 పుస్తకములను ప్రక్కప్రక్కన పెట్టి పద్యమునకు పద్యము సరిచూచు పనిని ఎవరైనను చేపట్టినచో, పాపరాజు ఎప్పుడు లవకుశలోనికి వచ్చెనో తేలును.